తాడుకు రెండో కొస

"కుక్కే చంపింది సార్. ఇంక దీంట్లో కనుక్కునేది ఏముండాది?" అంటూ మిల్లు యజమాని రామాంజినప్ప నెయ్యి కారుతున్న ఓళిగల ప్లేటును ముందుకు జరిపాడు.

డిటెక్టివ్ ఆదినారాయణప్ప ఆ ప్లేటు వైపు చూడలేదు. ఈ గదికి ఇరవై అడుగుల దూరంలో సోమవారం సాయంత్రం చిక్కన్న అనే వాచ్‌మన్ తల పగిలి చచ్చిపోయాడు. ఈరోజు గురువారం. నెత్తురు కడిగిన చీపురు ఇంకా గుమ్మం పక్కనే ఆనించి ఉంది. దాన్ని తీసి పారేయాలన్న ఇంగితం లేని మనిషి అతిథికి బొబ్బట్లు పెడుతున్నాడు.

వై.ఎన్.హొసకోటలో మూడంతస్తుల వేరుశెనగ మిల్లు అది. తాలూకా మొత్తానికి లిఫ్టు ఉన్న కట్టడం ఇదొక్కటేనని రామాంజినప్ప వచ్చినవాడికల్లా చెప్పుకుంటాడు. బస్తాలు పైకి చేర్చే ఇనుప గేటు లిఫ్టు. చిక్కన్న కుక్కను తాడుతో లిఫ్టులోకి తోలి, తాను బయట నిలబడ్డాడట. తాడు చేతికి చుట్టుకుని ఉన్నాడట. పోయిన కరెంటు ఒక్కసారిగా వచ్చిందట. లిఫ్టు దానంతటది లేచి, తాడు ఆయన్ను పైకి లాగి, ద్వారం మీది దూలానికి కొట్టిందట. కరెంటు పోయినప్పుడు బటన్ వేసి వదిలేసిన తప్పు లిఫ్టు నడిపే చిన్నరంగప్పదట. ఇదీ పోలీసుల కథ.

పన్నెండు గంటలకు చిన్నరంగప్పను జీపెక్కించి మధుగిరి కోర్టుకు తీసుకుపోతారు. అంతకంటే ముందే కుక్కను కాల్చేస్తారు. ఇప్పుడు పదీ ఇరవై ఐదు. మిల్లుకు త్రీ ఫేజ్ కరెంటు ఉండేదీ పన్నెండు వరకే.

చిన్నరంగప్ప తల్లి నరసక్కది మంగళవాడ, ఆదినారాయణప్ప పుట్టిన ఊరే. బెంగుళూరులో ఆయన ఇంటి గడప మీద కూర్చుని, "మావాడు చీమను గూడా తొక్కినోడు కాదన్నా" అని ఒకే మాట పదిసార్లు చెప్పింది. సి.ఐ.డి.లో ఇరవై ఆరేళ్ళు చేసి రిటైరైన మనిషి ఆ మాట నమ్మి కాదు, ఆమె గడప మీంచి లేవదని తెలిసి బస్సెక్కాడు. ఎక్కినప్పటినుంచీ చిరాకే.

"సోమవారం నాలుగు గంటలప్పుడు నువ్వు యాడుంటివి?"

"ఇంట్లో సార్. బువ్వ తిని పండుకునుంటి. నాలుగూ నలభైకి హమాలీలు వచ్చి లేపినారు."

"కుక్కను లిఫ్టులో తోలమనింది ఎవరు?"

"నేనే సార్. మూడో అంతస్తులో విత్తనం బస్తాలు ఉండాయి. పందికొక్కులు కొరికి పెడతా ఉండె. దినామూ నాలుగింటికి కుక్కను పైకి తెమ్మంటి. ఇనుప మెట్లు కదా, సందులుంటే కుక్క ఎక్కదు."

"లిఫ్టంటే మాత్రం దానికి ఇష్టమా?"

"యాడిది సార్! దినామూ ఈడ్చుకొని పోతా ఉండె."

"తాడు దేనికి కడతా ఉండె?"

రామాంజినప్ప నవ్వాడు. "మెడకు. కుక్కకు ఇంక దేనికి కడతారు సార్? నేరుగా మెడపట్టీకే." 

అంతలో బూట్ల చప్పుడైంది. సబ్ ఇన్‌స్పెక్టర్ దొడ్డన్న లోపలికి వచ్చాడు. చంకలో పొట్టి కట్టె ఒకటి, నున్నగా మెరుస్తూ, కొసన ఎర్ర కుచ్చు వేలాడేసి. ఒకప్పుడు ఆదినారాయణప్ప కింద పనిచేసినవాడే. పని చేయలేదని ఆయన ఫైల్లో రాశాడు కూడా. అది దొడ్డన్న మరిచిపోలేదు.

"ఏం సార్, రిటైరైనాక మనవళ్ళను ఆడించుకుంటా ఉండక ఈ శెనక్కాయల దుమ్ములో ఏం పని?"

"మనవళ్ళు నీకంటే తెలివైనోళ్ళు దొడ్డన్నా. వాళ్ళతో ఆడి గెలవలేక ఈడికొచ్చినా."

దొడ్డన్న మొహం ముడుచుకున్నాడు. రామాంజినప్ప మధ్యలో దూరాడు. "కోపాలెందుకు సార్? మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. మీకూ ఒక కంబళి తెప్పిస్తా. మా సారుకు మొన్ననే కప్పినా, పెద్దోళ్ళను ఊరికే పంపేది మాకు అలవాటు లేదు."

బయట జీపు సీటు మీద కొత్త కంబళి పరిచి ఉండటం ఆదినారాయణప్ప వచ్చేటప్పుడే చూశాడు. శవాన్ని లేపిన చోటే సన్మానం! "నాకు కంబళి దురద" అని లేచాడు. "మూడో అంతస్తు చూడాల."

"చూడండి సార్. నేను ముందు పోయి కొంచెం ఊడ్పిస్తా, దుమ్ము" అని రామాంజినప్ప పంచె ఎగ్గట్టి ఇనుప మెట్లెక్కి పోయాడు.

కుక్కను తూకం కాటా పక్కన గుంజకు గొలుసుతో కట్టేశారు. నల్లది, ఎముకల గూడు. పేరు కరియ. చిక్కన్నది నిడుగల్లు పక్క గొర్రెల కాపరుల వంశం. మూడేళ్ళుగా వాన లేక గొర్రెలన్నీ పోయి, మిగిలిన ఈ ఒక్క కుక్కతో మిల్లులో కాపలాకు చేరాడు. కుక్క మెడకు వెడల్పాటి తోలుపట్టీ, దాని నిండా తోడేలు పళ్ళు దిగకుండా కొట్టిన ఇనుప ముళ్ళు.

ఆదినారాయణప్పకు కుక్కలంటే ప్రేమ లేదు. వాసన పడదు. అయినా గొంతుక్కూర్చుని తోలుపట్టీ కింద వేళ్ళు పెట్టి వెంట్రుకలు పాయలు తీశాడు. నాలుగు పిడుదులు చేతికి అంటుకున్నాయి. వాటిని నేలకు రాసి, మళ్ళీ వెతికాడు. పట్టీ కింద చర్మం శుభ్రంగా ఉంది. గొంతు కింద వాపు లేదు.

"దొడ్డన్నా, చిక్కన్న బరువెంత?"

"అరవై కేజీలుంటాడు."

"అరవై కేజీల మనిషిని తాడు ఎత్తి దూలానికి కొట్టింది. మణికట్టు దగ్గర ఎముక తేలిందని నీ పంచనామాలోనే రాసినావు. తాడుకు రెండు కొసలప్పా. ఒక కొసన మనిషి చెయ్యి తెగేంత లాగుడు పడితే రెండో కొసన ఎంత పడాల?"

దొడ్డన్న దూరం నుంచే కుక్క మెడ వైపు చూశాడు.

"అంతే పడాల. దీని గొంతు నలిగిపోవాల, లేదా మెడ ఇరగాల. చూడు, ఒక్క వెంట్రుక లేయలేదు."

"తాడు తెగింది కదా సార్. అందుకే బతికింది."

ఆదినారాయణప్ప సాక్ష్యంగా దాచిన తాడు ముక్క తెప్పించి కొస చూపించాడు. "లాగితే తెగిన తాడు పీచు బారెడు లేచి ఉంటాది. ఇది కురచగా, ఎంగిలి ఎండి గట్టిపడి ఉండాది. కుక్క తీరిగ్గా కూర్చుని నమిలింది దీన్ని. మనిషి చచ్చేటప్పుడు ఈ కొస కుక్క మెడకు లేదు. చచ్చినాక ఎవరో తెచ్చి కట్టినారు."

"కుక్క మెడ చూసి కేసు రాస్తారా సార్? కోర్టులో నవ్వుతారు" అని దొడ్డన్న ముందుకు వచ్చాడు. అతను దగ్గరికి రాగానే కరియ లేచింది. గొలుసు చాలినంత దూరం వచ్చి, అతని కాళ్ళ ముందు కూర్చుని మెడ బారుగా చాచింది. దొడ్డన్న బూటుతో తన్నాడు. "చూడండి! మూడు దినాల్నుంచి ఇదే వరస. నేను కనపడితే చాలు, మెడ సాచి మీదికొస్తాది. పిచ్చి పట్టింది. పదకొండున్నరకు కాల్చేస్తా."

దెబ్బ తిన్న కుక్క కుంటుకుంటూ వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుని మళ్ళీ మెడ చాచింది. పళ్ళు చూపలేదు. ఆదినారాయణప్పకు ఇది అంతుపట్టలేదు. కుక్కను తన్నే మనిషి మీద అసహ్యం మాత్రం ఇంకో మెట్టెక్కింది.

పదకొండు కొట్టేసరికి చిన్నరంగప్పను లిఫ్టు దగ్గరికి తెప్పించాడు. పాతికేళ్ళవాడు. చేతులకు బేడీలు. పిక్కల మీద పొడుగ్గా నల్లబడ్డ వాతలు. నడవలేక గోడ పట్టుకున్నాడు.

"సోమవారం కరెంటు ఎప్పుడు పోయింది?"

"రెండింటికి సార్. మేమంతా బస్టాండు కాడ టీ అంగడికి పోతిమి. మళ్ళీ నాలుగూ పదికి వచ్చింది. ఆ పొద్దు మిల్లు ఆడదు కదా అని మేము తీరిగ్గా నాలుగూ నలభైకి వచ్చినాము. అప్పటికే..." వాడు దూలం వైపు చూశాడు. "చిక్కన్న మామ కింద పడుండాడు సార్. లిఫ్టు పైన ఉండాది. లోపల కుక్క ఏడ్చా ఉండాది."

"టీ అంగడోన్ని అడిగినావా దొడ్డన్నా?"

"వాళ్ళంతా ఒకటే ఊరోళ్ళు సార్. చెప్తారు."

"అడిగినావా, లేదా?"

దొడ్డన్న కట్టె చంకలో సర్దుకుని పక్కకు చూశాడు. ఉద్యోగం చేయకపోవడానికి కూడా కొంత శ్రమ పడాలి. వీడు ఆ శ్రమ కూడా పడలేదు.

ఆదినారాయణప్ప లిఫ్టులోకి వెళ్ళాడు. ముక్కిన నూనె వాసన, చెమట వాసన, వాటి కింద కడిగినా పోని ఇంకో వాసన. జేబులోంచి లవంగం తీసి బుగ్గన పెట్టుకున్నాడు. చిన్నరంగప్పతో బటన్ నొక్కించాడు. లిఫ్టు కదిలింది. వేలు తీయించాడు. ఆగింది. మళ్ళీ నొక్కి పట్టించి బయట మెయిన్ ఆపించాడు, వేలు తీయించి మెయిన్ వేయించాడు. లిఫ్టు కదల్లేదు. మూడుసార్లు చేసినా కదల్లేదు.

"వేలున్నంత వరకే ఇది నడుస్తాది. కరెంటు వచ్చినంత మాత్రాన దానంతటది లేయదు. నాలుగూ పదికి దీని బటన్ మీద ఒక మనిషి వేలుండాది, చిక్కన్న దూలానికి కొట్టుకునే దాకా ఆ వేలు తీయలేదు. బటన్లు ఎన్ని చోట్ల ఉండాయి?"

"లోపల ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి సార్."

"గేటు తెరిచుంటే నడవకూడదు కదా?"

"దానికి స్విచ్చి ఉండె సార్. బస్తా బస్తాకు గేటు మూస్తా ఉంటే ఆలస్యమని వైరుతో కట్టేపిచ్చినాడు. ఎర్ర బటన్ గూడా అంతే, ఊరికే ఆపుతారని దాని వైర్లు పీకేపిచ్చినాడు. రామాంజినప్పే."

మిల్లు గేటు దగ్గర ఒక ఆడమనిషి అరుపు వినబడింది. చిక్కన్న పెళ్ళాం మారక్క. సోమవారం నుంచి ఆమెను లోపలికి రానివ్వలేదట. మొగుడు చచ్చిన చోటు చూడటానికి కూడా పెళ్ళానికి అనుమతి కావాలి, ఓళిగలు తినడానికి అక్కర్లేదు! ఆదినారాయణప్ప కానిస్టేబుల్‌ను నెట్టేసినంత పని చేసి ఆమెను లోపలికి తెచ్చాడు.

ఆమె ఏడవలేదు. ముందు కుక్క దగ్గరికి వెళ్ళి, "కరియా, నీకేమన్నా పెట్టినారా రా?" అని అడిగింది. తరువాత పట్టీకి ఇంకా మిగిలున్న తాడు ముడిని చూసి, "ఇదేంది సామీ, తాడు నేరుగా పట్టీకి కట్టినారు?" అంది.

"కట్టకూడదా?"

"ఎవరు కడతారు సామీ? ఇది తాడు కొరికి పారిపోతాది. మా నిడుగల్లు పక్క గొర్రెలోళ్ళెవరూ కట్టరు. మెడకూ తాడుకూ నడమ మూరెడు కట్టె ఉండాల. అటొక బొక్క, ఇటొక బొక్క. కట్టె అడ్డముంటే దాని నోటికి తాడు అందదు. మా ఆయప్పది జాన చెట్టు కట్టె, వాళ్ళ తాత కాలంది. ఒక కొసన మా గొర్రెల ముద్ర ఉంటాది, రెండు గీతలు, ఒక చుక్క. సందేళయితే చాలు, కట్టె చేతబట్టుకుంటానే ఇది వచ్చి కూర్చుంటా ఉండె."

"ఆ కట్టె ఇప్పుడు యాడుండాది?"

"అదే అడుగుదామని మూడు దినాల్నుంచి గేటు కాడ కూర్చోనుండా."

ఆదినారాయణప్ప గబగబా లిఫ్టు గేటు దగ్గరికి నడిచాడు. ముడుచుకునే ఇనుప కమ్మీల గేటు, ఆకుపచ్చ రంగు. లోపలివైపు, మోకాలి ఎత్తున, పక్కపక్క రెండు కమ్మీల మీద రంగు గోకుడు పోయి ఇనుము కనబడుతోంది. రెండూ ఒకే ఎత్తున. అడ్డంగా మూరెడు కట్టె ఒకటి పెట్టి బయటి నుంచి లాగితే ఎక్కడ ఒరుసుకుంటుందో సరిగ్గా అక్కడ.

అర్థమయ్యేసరికి నోట్లో లవంగం చేదైంది. మధ్యాహ్నమైనా ఈ మూల వెలుతురుండదు, పైగా కరెంటు లేదు. ఒకడు కుక్కతో లోపల ఉన్నాడు. చిక్కన్న బయట తాడు పట్టుకున్నాడు. లోపలివాడు పట్టీకున్న కట్టె విప్పి, గేటు కమ్మీలకు అడ్డం పెట్టి, "కుక్క బెదిరింది, తాడు గట్టిగా చుట్టి పట్టుకోప్పా" అనుంటాడు. పాపం, అన్నం పెట్టే చోట చెప్పినమాట కదా, చిక్కన్న చుట్టుకునుంటాడు. లోపలివాడు కరెంటు కోసం ఓపిగ్గా కాచుకుని, రాగానే వేలు నొక్కాడు. పని అయినాక కట్టె తీసేసి, తాడును కుక్క మెడకు కట్టి, వెనక మెట్ల మీద దిగిపోయాడు. కుక్క నోటి సంగతి తెలిసినవాడైతే అలా కట్టి ఉండడు.

"నీ మొగుడికి ఎవరితోనైనా గొడవ ఉండెనా?"

మారక్క కొంగు ముడి విప్పి అరచేతిలో నాలుగు గింజలు పోసింది. నల్లగా, బూజు అల్లుకుని, వేలితో నొక్కితే పొడి రాలేవి. వాసనకు ఆదినారాయణప్ప మొహం తిప్పుకున్నాడు.

"పైన బస్తాలవి సామీ. వాన లేని రైతులకు పంచమని సర్కారు విత్తనం ఈడ దించినారు కదా. మంచివి గానుగకు పోయినాయి. ఇవి బస్తాల్లోకి వచ్చినాయి. పందికొక్కులు చించినచోట మా ఆయప్ప చూసినాడు. శుక్రవారం పంచేటప్పుడు అందరి ముందర చెప్తా అనె. పోయిన ఏడు గింజ మొలవక మా వాళ్ళు ఇద్దరు పురుగుల మందు తాగినారు. ఊరుకుంటే వాళ్ళను నేను చంపినట్లే అనె."

పదకొండూ ముప్పై ఐదు. దొడ్డన్న గడియారం చూసుకుని విసుగ్గా అన్నాడు: "కట్టె, కట్టె అంటా ఉండారు. యాడుండాది? చూపించండి."

"నువ్వు వెతికిచ్చినావా?"

"లేని కట్టెను వెతుకుతారా సార్? కుక్క మెడకు ఏమీ కాకుండా గూడా మనిషి చస్తాడని నేను చూపిస్తా, తాడు తెప్పించండి."

"తాడు నేను పట్టుకుంటా. నేనే చూస్తా" అని ఆదినారాయణప్ప గట్టిగా అన్నాడు. లిఫ్టు గూడు పై దాకా ఆ గొంతు మోగింది.

కొత్త తాడు వచ్చింది. మారక్క గొలుసు విప్పి కుక్కను గుమ్మం దాకా తెచ్చి, కట్టె లేక నేరుగా పట్టీకే పాత అలవాటు ప్రకారం ముడి వేసింది, కొస లాగితే ఒక్క లాగుకు ఊడే ముడి. తోడేలు మీద పడ్డప్పుడు కుక్కను క్షణంలో వదలాలి కదా. ఆదినారాయణప్ప లిఫ్టులోకి వెళ్ళి తాడు అందుకోబోతే దొడ్డన్న మధ్యలో లాక్కున్నాడు. తానూ లోపలికి వచ్చి, ఎడమ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని, "రావే!" అని కుక్కను లాగాడు. అది గుమ్మం బయట నాలుగు కాళ్ళూ తన్నిపెట్టి కదల్లేదు.

"అదే తప్పు దొడ్డన్నా. చుట్టుకోవద్దు, పిడికిట్లో పట్టుకో. చుట్టుకున్నాక ఆ చెయ్యి నీది కాదు. ముందు కుక్క లోపలికి రావాల, తర్వాతే..."

"కుక్కను పట్టుకునేది గూడా నాకు నేర్పిస్తారా?"

గుయ్యిమని మోటారు మోగింది.

లోపలి బటన్ దగ్గర ఎవరూ లేరు. లిఫ్టు లేచింది. గేటు తెరిచే ఉంది. కుక్క కింద, దొడ్డన్న పైన, మధ్యలో తాడు. మొదటి రెండడుగులు తాడు వదులుగా జారింది, తరువాత బిగుసుకుంది. దొడ్డన్న మోకాళ్ళ మీద పడ్డాడు. చెయ్యి లిఫ్టు అంచుకు ఈడ్చుకుపోయింది. చంకలో కట్టె జారి దొర్లింది. కింద కరియ ముందు కాళ్ళు గాలిలోకి లేచాయి, గొంతులోంచి కీచుమని ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"నిలపండ్రా! నిలపండి!" దొడ్డన్న అరిచాడు. ఆదినారాయణప్ప ఎర్ర బటన్‌ను పిడికిలితో గుద్దాడు. వైర్లు పీకేసిన బటన్ ఏం పలుకుతుంది? లిఫ్టు నేల ద్వారం మీది దూలం దాటిందంటే మణికట్టు మిగలదు. జానెడు ఉంది. తాడు చుట్లు విప్పబోతే చర్మంలో దిగి రావడం లేదు.

"మారక్కా! ముడి!"

ఆమె అప్పటికే ఎగిరి కుక్కను నడుం దగ్గర వాటేసుకుంది. రెండో చేత్తో ముడి కొస అందుకుని లాగింది. తాడు ఊడి, పాములా పైకి జరజర వచ్చి లిఫ్టులో పడింది. దొడ్డన్న వెల్లకిలా పడ్డాడు. దూలం వాళ్ళ కాళ్ళ కిందికి వెళ్ళిపోయింది.

కింది నుంచి కుక్క దగ్గు వినబడింది. బతికింది. లిఫ్టు ఆగలేదు, పైకి పోతూనే ఉంది.

దొడ్డన్న మణికట్టు చుట్టూ చర్మం ఒలిచినట్టు లేచింది. ఆదినారాయణప్ప అతనికి రుమాలు ఇచ్చి, కాళ్ళ దగ్గర పడున్న కట్టెను తీశాడు. మూరెడు. నున్నటి జాన కట్టె. రెండు కొసల్లోనూ బొక్కలు. ఒక బొక్కకు ఎర్ర కుచ్చు కట్టారు. కుచ్చు పక్కకు తీస్తే కింద రెండు గీతలు, ఒక చుక్క. నడుమ కట్టె సన్నగా బీటవారి ఉంది, బీటలో ఆకుపచ్చ రంగు పొడి.

చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది! మూడు రోజులుగా ఒక మూగజీవం మెడ చాచి చెబుతూనే ఉంది, రోజూ సాయంత్రం కట్టించుకున్న కట్టె ఇదుగో ఇక్కడుందని. తన్నులు తిని మరీ చెప్పింది. ఈ సీమలో కంబళి ఒక్కటే ఎవరూ ఇవ్వరు. భుజాన కంబళి కప్పితే చేతికి కట్టె కూడా ఇస్తారు. మంగళవాడలో పుట్టి తనకు ఆ సంగతి తట్టలేదు. ఆదినారాయణప్పకు తన మీద తనకే ఏవగింపు కలిగింది.

"ఇది నీకెవరిచ్చినారు దొడ్డన్నా?"

దొడ్డన్న కట్టెను చూశాడు, ముద్రను చూశాడు. మొహంలో నెత్తురు లేదు. "రామాంజినప్ప సార్. సోమవారం, పంచనామా అయినాక. కంబళి కప్పి చేతికిచ్చినాడు. జాన కట్టె, ఇప్పుడు దొరకదు, పెట్టుకోండి అనె."

"దీంతోనే కదా చిన్నరంగప్ప పిక్కలు వాయించింది?"

దొడ్డన్న తల వాల్చుకున్నాడు. హంతకుడు తన ఆయుధాన్ని పోలీసు చంకలో దాచుకున్నాడు. పోలీసు దాంతోనే ఏ పాపమూ ఎరగనివాణ్ణి కొట్టాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆదినారాయణప్ప చాలా రోత చూశాడు. ఇంత రోత చూడలేదు.

రెండో అంతస్తు కిందికి జారింది. ముక్కిన వేరుశెనగల వాసన పైనుంచి ముందుగా వచ్చి ముక్కులో దిగింది. తరువాత రెండు కాళ్ళు కనబడ్డాయి. ఎగ్గట్టిన పంచె. మడత విప్పని కొత్త కంబళి వేసుకున్న ముంజేయి. ఆఖరున, గోడ మీది బటన్‌ను నొక్కి పట్టిన బొటనవేలు.

వేలు తీశాడు. లిఫ్టు ఆగింది. మూడో అంతస్తులో అతను తప్ప ఎవరూ లేరు. ఊడ్చిన జాడ కూడా లేదు.

"రాండి సార్, ఏమైంది, కింద ఏందో అరుపులు..." అంటూ రామాంజినప్ప తొంగిచూశాడు. రుమాల్లోంచి కారుతున్న నెత్తురు ఆదినారాయణప్పది కాదని గ్రహించేసరికి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "అయ్యో! మీరా దొడ్డన్న సార్? తాడు పట్టుకునింది ఆయప్ప కాదా?"

ఆ మాట బయటికొచ్చాక గాని అందులో ఏముందో అతనికి తెలియలేదు. తెలిసింది. కంబళి ముంజేతి మీది నుంచి జారి కింద పడింది. అతని కళ్ళు వెనక మెట్ల వైపు తిరిగాయి.

దొడ్డన్న లేచి నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఎవరూ చెప్పకుండానే అతని చెయ్యి బేడీల కోసం నడుము తడిమింది. బేడీలు లేవు. అవి కింద చిన్నరంగప్ప చేతులకున్నాయి.